మేం మంచిగనే ఉన్నం

ఎల్బీనగర్ ఫంక్షన్ హాలులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర సోఫా మీద అమల తన రేడియో పెట్టుకుంది. హాలు మొత్తంలో తడవకుండా మిగిలిన చోటు ఆ వేదిక ఒక్కటే. వెనకాల థర్మకోల్ నెమళ్ళు రెండూ అలాగే నిలబడి ఉన్నాయి. ఎవరిదో పెళ్ళి వానకి ఆగిపోయింది, అలంకరణ విప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. కింద చాపలు, దుప్పట్లు, సగం తడిసిన బట్టల మూటలు, వాటి మధ్య చెరువు కింది బస్తీలోంచి వచ్చిన జనం. రాలేనివాళ్ళు ఇంకా చాలామంది అక్కడే డాబాల మీదా పై వాటాల్లోనూ ఉండిపోయారు.

ఆదివారం మొదలైన వాన మంగళవారానికల్లా కరెంటుని పట్టుకుపోయింది. దాని వెనకే సెల్ టవర్లూ పడుకున్నాయి. ఎంత ఖరీదైన ఫోనైనా టార్చిలైటుకి తప్ప పనికిరాకుండా పోయాక, లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియోల్లో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ళు ఊరికి గుర్తొచ్చారు. అమల చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది. అంతకు ముందు వారం దాకా తోటి లెక్చరర్లు ఆమెని చూసి, వాట్సాప్ ఉండగా ఈ తీగలాట ఎందుకని ఏడిపించినవాళ్ళే. ఇప్పుడు వాళ్ళలో ఇద్దరు ఆమె సోఫా చుట్టూ తిరిగి, గుంటూరులో అమ్మావాళ్ళకి కబురు పంపించుకుని వెళ్ళారు.

పని ఇలా జరుగుతుంది. జనం చీటీ రాసిస్తారు. అమల దాన్ని ల్యాప్‌టాప్‌లో ఈమెయిల్‌గా టైపు చేస్తుంది. ల్యాప్‌టాప్‌కి రేడియో తగిలించి ఉంటుంది. మీట నొక్కితే ఆ ఉత్తరం గరగరమనే గోలగా మారి, గాల్లో దిల్‌సుఖ్‌నగర్ చేరుతుంది. అక్కడ పట్టాభిగారి డాబా మీద ఈ కొసనుంచి ఆ కొసకి కట్టిన పొడుగాటి తీగ ఉంది. ఆయన దగ్గరున్న పెద్ద రేడియో ఆ ఉత్తరాన్ని విశాఖపట్నంలో ఇంకో రేడియోకి అందిస్తుంది. అక్కడ ఇంటర్నెట్ ఉంది కాబట్టి, అక్కణ్ణించి అది మామూలు ఈమెయిల్ అయిపోయి ఎవరికి చేరాలో వాళ్ళకి చేరుతుంది. పక్క వీధికి పడవ కావాలన్నా సరే, కబురు విశాఖపట్నం దాకా వెళ్ళి, మళ్ళీ హైదరాబాదు రెండో కొసన కరెంటున్న సహాయ కేంద్రానికి రావాలి. వస్తుంది. కాకపోతే నిదానంగా వస్తుంది. నాలుగు వరసలు పోయేసరికి చేతిలో టీ చల్లారుతుంది. అదైనా కారు బ్యాటరీలో ప్రాణం ఉన్నంతసేపే.

అందుకని పట్టాభిగారు ఒక నియమం పెట్టారు. ఆయన భీమవరం మనిషి, టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారు. అమలని కూర్చోబెట్టి నేర్పించి లైసెన్సు పరీక్ష రాయించిందీ ఆయనే. చీటీలు రాగానే మూడు కుప్పలు చెయ్యాలి. ప్రాణం మీదికొచ్చినవి అత్యవసరం. మందులు, నీళ్ళు, తిండి అడిగినవి అవసరం. బాగున్నాం, కంగారు పడకండి అనేవి క్షేమం. ఒక కుప్ప పూర్తయితేనే రెండోది ముట్టుకోవాలి. మొదటి వరస చూడు, కుప్పలో వెయ్యి, ప్రతి చీటీ కావ్యంలా చదువుతూ కూర్చుంటే బ్యాటరీ నీకోసం ఆగదమ్మా అనేవారు.

మొదటి వరస చూసి తేల్చెయ్యడంలో అమలని మించినవాళ్ళు లేరు. సెంటర్లో టెస్టు పేపర్లు కట్టలకొద్దీ వస్తాయి. పిల్లాడు మొదటి వరస ఎలా మొదలుపెట్టాడో చూస్తే చాలు, లెక్క చివరికి చేరతాడో లేదో చెప్పెయ్యగలదు. చెప్పినట్టే అయ్యేది కూడా. ఆ సంగతి నలుగురూ అంటుంటే ఆమెకి లోపల ఎంత బాగుండేదో ఒప్పుకునేది కాదు గానీ, బాగుండేది.

గురువారం మధ్యాహ్నం శ్రీనివాస్ చీటీల సంచీ తెచ్చాడు. అతనిది చౌటుప్పల్ వైపు పల్లె, ఇక్కడ ఇటుకలూ ఇసుకా తోలే ట్రాక్టరు నడుపుతాడు. వాన మొదలైనప్పట్నించీ ట్రాక్టరు పోయినంతమేర ట్రాక్టరులో, పోని చోట నడుముల్లోతు నీళ్ళలో తిరుగుతూ, అన్నం పొట్లాలు ఇచ్చి చీటీలు తెస్తున్నాడు. సంచీ బోర్లించి, పాలిథిన్ కవర్లలోంచి ఒక్కొక్కటే తీసి, తువ్వాలుతో అద్ది సోఫా చేతిమీద ఆరబెట్టాడు.

అమల చదవడం మొదలుపెట్టింది. చదవడం అంటే, చూడడం. ఈ చీటీల్లో ఒక సంగతి ఆమెకి మొదటి రోజునుంచీ నవ్వు తెప్పిస్తోంది. కింది వాటా మొత్తం మునిగి, పొయ్యీ మంచం కొట్టుకుపోయి, డాబా మీద రేకు కింద ముడుచుకు కూర్చున్నవాళ్ళు కూడా, "మేం మంచిగనే ఉన్నం" అనే మొదలుపెడతారు. మంచిగా ఉంటే ఈ చీటీ ఎందుకు రాస్తారు అనుకునేది. అనుకుంటూనే క్షేమం కుప్పలో వేసేది.

ఆ కుప్పలోనే, రూళ్ళ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఉన్న చీటీ ఒకటి పడింది. "జగన్, మేం మంచిగనే ఉన్నం, నువ్వు పరేషాన్ కాకు." అంతే చూసింది. చెయ్యి అప్పటికే తర్వాతి దాని మీదికి పోయింది.

తర్వాతిది తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో ఉంది. రాఘవేంద్ర అనే అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి రాశాడు. పైన ఎర్ర సిరాతో అత్యవసరం అని రాసి, కింద రెండు గీతలు గీసి, ముప్ఫై కుటుంబాల ప్రాణాలకు ప్రమాదం అని మొదలుపెట్టాడు. అమల దాన్ని మొదటి కుప్పలో అన్నిటికన్నా పైన పెట్టి, ముందు అదే టైపు చేసింది. చేస్తుంటే తెలిసింది, ప్రమాదం ఏమిటంటే సెల్లారులో నీళ్ళు చేరి లిఫ్టు మోటారు మునిగేలా ఉంది, తోడే పంపు, దాన్ని నడిపే మనిషి కావాలి. కొంచెం చిరాకేసింది. అయినా అప్పటికే సగం టైపు చేసింది, పైగా అంతా నియమం ప్రకారమే ఉంది. పంపించేసింది. సాయంత్రంలోపే సహాయ కేంద్రం వాళ్ళ పడవ పంపునీ మనిషినీ ఎక్కించుకుని బస్తీ మీదుగా వెళ్ళింది.

అవసరం కుప్పలో చివరి చీటీ పోతుండగా బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. మబ్బు వల్ల సోలార్ పలక ఉన్నా లేనట్టే. అమల రేడియో హ్యాండ్‌సెట్ అందుకుని పట్టాభిగారిని పిలిచి, క్షేమం కుప్ప మాత్రం మిగిలిందని చెప్పింది. రేపు చూద్దాంలేమ్మా, బాగున్నవాళ్ళే కదా అన్నారాయన. అవును కదా అనుకుంది. మీరెలా ఉన్నారు బాబాయిగారూ అని రోజూ అడిగినట్టే అడిగింది. బ్రహ్మాండంగా ఉన్నానమ్మా అని ఆయన రోజూ చెప్పినట్టే చెప్పారు.

క్షేమం కుప్ప ఎగిరిపోకుండా, ఎవరో పెళ్ళికోసం తెచ్చిపెట్టిన ఇత్తడి దీపపు కుందె ఒకటి దానిమీద ఉంచి అమల లేచింది.

*

శుక్రవారం పొద్దున్న శ్రీనివాస్ ట్రాక్టరు ఇంజనుకి తగిలించి ఛార్జి చేసిన బ్యాటరీ మోసుకొచ్చాడు. కొత్త చీటీలు ఇంకా రాలేదు. అమల కుందె పక్కన పెట్టి క్షేమం కుప్ప ముందుకు లాక్కుంది.

ఆమె టైపు చేసేటప్పుడు కళ్ళు కాగితం మీద ఉంటాయి, వేళ్ళు వాటి దారిన అవి పోతాయి, మనసు ఇంకెక్కడో ఉంటుంది. అలాగే నాలుగైదు ఉత్తరాలు అయ్యాయి. రూళ్ళ కాగితం వచ్చింది. జగన్ ఈమెయిల్ అడ్రసు కొట్టింది. అతను నాగపూర్ రూటులో కంటైనరు లారీ నడుపుతాడట, లోడు కాగితాలు మెయిల్లోనే వస్తాయట. చీటీ చెబుతోంది, అతని తల్లి కిష్టమ్మ చెబితే పై వాటాలో కిరాయికుండే సంతోషి రాసిందని.

జగన్, మేం మంచిగనే ఉన్నం, నువ్వు పరేషాన్ కాకు. సంతోషి వాళ్ళింట్ల ఉన్నం. మంచిగ చూసుకుంటున్నరు. టైముకు తిను. నిద్రమత్తుల బండి నడపకు. బక్కయ్య ఆటో మునిగింది. మన బియ్యం తడవలే. మీ నాయినకు సోమవారం రక్తం కడిగిచ్చుడు తప్పింది, గియ్యాల గూడ తప్పింది. మొకం ఉబ్బింది.

అక్కడ వేళ్ళు ఆగిపోయాయి.

పండుకుంటే దమ్ము ఆడుతలేదు, కూసునే ఉంటున్నడు. నీకు వీలైతే ఎవర్కన్న జర చెప్పు. తొందరేం లేదు. ఇట్లు, అమ్మ.

అమల ఆ చీటీని మళ్ళీ మొదటినుంచి చదివింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ కాగితం ఇక్కడే ఉంది, కుందె కింద.

జగన్‌కి వెళ్ళాల్సిన ఉత్తరం పక్కన పెట్టి, సహాయ కేంద్రానికి కొత్తది మొదలుపెట్టింది. మొదటి వరసలోనే డయాలసిస్ రోగి అని రాసింది, చీటీ వెనక ఉన్నది చూసి లచ్చయ్య అని పేరు రాసింది, ఇల్లు ఎక్కడో రాసింది. మీట నొక్కింది. గరగర మొదలైంది. తెర మీద ఆకుపచ్చ పట్టీ చీమలా పాకుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. పట్టీ కొసకి చేరాక జగన్ ఉత్తరం కూడా పంపింది. కాసేపటికి రేడియో మళ్ళీ కలిపి చూస్తే జవాబు వచ్చి ఉంది, పడవ బయల్దేరింది అని.

టీ తెచ్చిన శ్రీనివాస్ ఆమె మొహం చూసి ఏమైందని అడిగాడు. ఆమె చీటీ ఇచ్చింది. అతను పెదాలు కదుపుతూ మెల్లగా చివరిదాకా చదివాడు.

"గీ ఇల్లు నాకెర్కే మేడం. నిన్న పంపు మనిషిని తోలుకపోయిన పడవల నేను గూడ ఉన్న. గా ముసలమ్మ పిట్టగోడ కాడ నిలవడి చెయ్యి ఊపింది. మేం గూడ ఊపినం."

టీ గ్లాసులు అలాగే ఉండిపోయాయి.

పడవ వచ్చేసరికి పదకొండు దాటింది. హాలు ముందు వీధిలో నీళ్ళు మోకాలి లోతుకి తగ్గిన చోట ఆపారు. లచ్చయ్యని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. మొహం ఉబ్బి కళ్ళు సన్నటి గీతల్లా ఉన్నాయి. ప్రతి ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి. అంత అవస్థలోనూ, వీధిలో ఇంతమంది ఆడవాళ్ళున్నారని కాబోలు, లుంగీ కొస మోకాళ్ళమీదికి లాక్కుంటున్నాడు. వెనక కిష్టమ్మ, చేతిలో దవాఖాన కాగితాల ప్లాస్టిక్ సంచీ. అంబులెన్సు ఎక్కించే ముందు లచ్చయ్య చెయ్యెత్తి శ్రీనివాస్‌ని దగ్గరికి పిలిచాడు.

"మీకందర్కి పరేషాన్ చేసినం బిడ్డా" అన్నాడు. ఆ నాలుగు మాటలకి మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

అమల మెట్ల మీద నిలబడి చూసింది. దిగి ముందుకు వెళ్ళాలనుకుంది. అంబులెన్సు మలక్‌పేట వైపు తిరిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పట్టాభిగారికి జరిగింది చెప్పింది. రేడియోలో మాట్లాడేది ఎవరైనా వినొచ్చు, అందుకని పేర్లు చెప్పలేదు. ఆయన, నియమంలో తప్పు లేదమ్మా, ముఖ్యమైన సంగతి మొదటే రాయాలి కదా, మనం ఎన్నని చదవగలం అన్నారు. అమలకి ఆ మాట గట్టిగా పట్టుకోవాలనిపించింది. నిజమే, మొదటే రాయాల్సింది. ఒక్క మాట పైన రాసుంటే ఎంత బాగుండేది. ఆ అపార్ట్‌మెంట్ ఆయన రాయలేదూ. ఇలా అనుకుంటూ సాయంత్రం దాకా గడిపింది, ఆ పూట వచ్చిన ప్రతి చీటీనీ చివరి వరస నుంచి పైకి చదువుతూ.

చీకటి పడే ముందు, దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి పట్టాభిగారి బ్యాటరీ మార్చి వచ్చిన శ్రీనివాస్ ఇంకో సంగతి చెప్పాడు. "సారు మంగళారమే డాబా మెట్ల మీద జారిండంట మేడం. కుడి చెయ్యి ఇంత వాసింది. ఎడమ చేతితోనే నడిపిస్తుండు. మీకు చెప్పొద్దన్నడు."

మంగళవారం నుంచీ రోజూ ఆమె అడుగుతూనే ఉంది. బ్రహ్మాండంగా ఉన్నానమ్మా అని ఆయన చెబుతూనే ఉన్నారు. ఆమె కూడా అంతే, మొన్న సాయంత్రం అమ్మకి పంపిన ఉత్తరంలో, ఇక్కడ నాకేం ఇబ్బంది లేదమ్మా, చక్కగా ఉన్నాను అనే మొదలుపెట్టింది. అప్పటికి మంగళవారం నుంచీ ఆమె కాళ్ళు తడి ఆరలేదు, వేళ్ళ సందులు ఒరుసుకుపోయి నడుస్తుంటే మండుతున్నాయి. ఆ సంగతి చివర్న కూడా రాయలేదు. బాగున్నాం అన్న మాట వెనక ఏముంటుందో అందరికన్నా బాగా తెలిసింది తనకే, తెలిసీ చూడలేదు. అమల సోఫాలో కూర్చుని చేతుల్లో మొహం దాచుకుంది. సిగ్గేసింది, దుఃఖం వచ్చింది, రెండూ విడివిడిగా తెలియలేదు.

*

లచ్చయ్య శనివారం పొద్దున్న పోయాడు. ఆ వార్త ఆసుపత్రినుంచి వచ్చిన అంబులెన్సు డ్రైవరు చెప్పాడు.

ఆదివారానికి వాన వెలిసింది. హాలు ముందు నీళ్ళు తీసి బురద మిగిలింది. జనం చాపలు ఎండబెట్టుకుంటున్నారు. ఫోన్లు మాత్రం ఇంకా రాలేదు. మధ్యాహ్నం శ్రీనివాస్ ఒకావిడని వెంటబెట్టుకుని వేదిక దగ్గరికి వచ్చాడు. చీర అంచు బురదకి గట్టిపడింది. అదే ప్లాస్టిక్ సంచీ చేతిలో ఉంది.

"కిష్టమ్మ మేడం. కొడుక్కు మెయిల్ పంపాలంట" అన్నాడు. చెప్పి అక్కణ్ణించి వెళ్ళిపోయాడు.

అమల లేచి సోఫాలో చోటు చూపించింది. కిష్టమ్మ కూర్చోలేదు. వేదిక మెట్టు మీద కూర్చుని కాళ్ళు దగ్గరికి తీసుకుంది. అమల కూడా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన మెట్టు మీదే కూర్చుంది.

కొడుకు ఎక్కడున్నాడో కిష్టమ్మ చెప్పింది. ఉత్తరం అందగానే లోడు దారిలోనే వేరేవాళ్ళకి అప్పజెప్పి, ఖాళీ బండితో బయల్దేరాడని లారీ ఆఫీసువాళ్ళు సహాయ కేంద్రానికి మెయిల్ పెట్టారట. దారిలో ఎక్కడో వంతెన మీద నీళ్ళు పారుతుంటే ఆగిపోయాడు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని మాత్రమే అతనికి తెలుసు. శవాన్ని ఐసు పెట్టెలో ఉంచారు. అతను వస్తేనే గానీ కార్యం జరగదు.

తర్వాత కిష్టమ్మ చెయ్యి చాపి అమల చెయ్యి పట్టుకుంది. అరిచెయ్యి గరుకుగా, చల్లగా ఉంది.

"నువ్వు పంపితెనే పడవ అచ్చింది బిడ్డా. డాక్టరమ్మ అన్నది, ఒక్క దినం ముందు తెస్తే బతుకుతుండెనని. ముందెట్ల తెస్తం? చిట్టి పోవద్దా, ఆల్లకు అందొద్దా? నీ తప్పేం లేదు."

అమల చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది, తీసుకోలేకపోయింది. కింద హాలులో ఎవరో పిల్ల ఏడుస్తోంది. ఈ చేతిలో చెయ్యి పెట్టుకుని ఊరుకోవడం ఎంత తేలికో ఆమెకి తెలిసింది. ఊరుకుంటే ఇక జీవితాంతం ఈ చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుందనీ తెలిసింది.

"చీటీ గురువారం మధ్యాహ్నమే నా దగ్గరికొచ్చిందమ్మా" అంది. "మొదటి వరస చూశాను. మంచిగనే ఉన్నం అనుంది. పక్కన పెట్టేశాను. తెల్లారిందాకా మిగతాది చదవలేదు. పడవ గురువారమే రావాల్సింది."

కిష్టమ్మ ఆమె మొహంలోకి చూసింది. అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక చెయ్యి వదిలేసింది. విసిరికొట్టలేదు, మెల్లగా తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. సంచీ మూతి విప్పింది, మళ్ళీ ముడివేసింది.

లేచి వెళ్ళిపోతుందనుకుంది అమల. తిడుతుందని కూడా అనుకుంది, తిడితే బాగుండుననుకుంది.

"రాయి" అంది కిష్టమ్మ. "జగన్, మేం మంచిగనే ఉన్నం."

అమల వేళ్ళు మీటల మీద ఆగాయి. అడగకూడదనుకుంటూనే అడిగింది. "అమ్మా, అసలు సంగతి మొదట రాద్దామా?"

"వద్దు. బండిల ఒక్కడే ఉంటడు. సెల్లు చూడంగనే ముందుగాల గదే కండ్లవడ్తే ఎట్ల? మంచిగున్నమని చదివితే జర పానం కుదురుకుంటది. కూసుంటడు. కూసున్నంక చదువుకుంటడు." కొంగుతో మూతి తుడుచుకుంది. "చెడ్డ మాట చెప్పేటప్పుడు మనిషిని కూసుండవెట్టి చెప్పాలె గద బిడ్డా."

అమల టైపు చేసింది. కిష్టమ్మ ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. తిన్నావా అని అడిగించింది. వంతెన మీద నీళ్ళు తియ్యందే దాటొద్దని రాయించింది. బియ్యం బాగానే ఉన్నాయని, సంతోషి వాళ్ళు అన్నం పెడుతున్నారని రాయించింది. ఆ తర్వాత గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. రాయడం అయిపోయాక అమల మీట మీద వేలు పెట్టింది.

"ఆగు" అంది కిష్టమ్మ. "గిదన్న మొత్తం చదువు. నా ముందట."

అమల తెర దగ్గరికి జరుపుకుని చదవడం మొదలుపెట్టింది. మేం మంచిగనే ఉన్నం అన్న మాట ఆ యాసలో ఆమె నోటికి సరిగ్గా తిరగలేదు. కిష్టమ్మ తల ఊపింది. తిండి, వంతెన, బియ్యం, ఒక్క వరసా వదలకుండా పెద్దగా చదివింది. చివరికొచ్చేసరికి ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని, ఆ వరస మొదటినుంచి మళ్ళీ అందుకుంది.

"మీ నాయిన పోయిండు. నువ్వు అచ్చేదాక ఆపినం. మెల్లగ రా. ఇట్లు, అమ్మ."

"ఆ" అంది కిష్టమ్మ. "ఇగ పంపు."